కొండ మీంచి ఎన్ని రాళ్లు పడ్డాయి? లెక్క చెట్ల దగ్గరుంది

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లకు తిరుమల దారి బాగా అలవాటైన దారి. శుక్రవారం రాత్రి ఆఫీసు అయ్యాక బయలుదేరి, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు దాటుకుని తెల్లారేసరికి అలిపిరి చేరే కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో. వాళ్లలో చాలామందికి 2021 డిసెంబర్ 1 గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు నవంబర్ అంతా రాయలసీమను వానలు ముంచెత్తాయి. కొండ బాగా నానిపోయింది. ఆ రోజు పైకి వెళ్లే రెండో ఘాట్ రోడ్డు మీద భారీ బండలు పడ్డాయి. రోడ్డు కొన్ని చోట్ల దెబ్బతింది. రాకపోకలు ఆపేశారు, ఐఐటీల నుంచి నిపుణులు వచ్చి చూసి వెళ్లారు.

అలాంటప్పుడు ఎవరికైనా మొదట వచ్చే సందేహం, ఈ వాలు మీద ఇంతకు ముందు ఎన్నిసార్లు ఇలా జరిగిందని. వెతికితే దొరికే ఆధారాలు రెండే: రోడ్డు మరమ్మతుల రికార్డులు, పాత పేపర్లు. రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. రోడ్డు మీద పడ్డ రాయినే అవి లెక్కలోకి తీసుకుంటాయి. రోడ్డుకు వంద గజాల పైన ఏ చెట్టుకో గుద్దుకుని ఆగిపోయిన రాయిని ఎవరూ చూడరు, ఎక్కడా రాయరు. మొదటి ఘాట్ రోడ్డు వచ్చిందే 1944లో, కాబట్టి అంతకు ముందు పడ్డ రాళ్ల సంగతి సరేసరి. అడవి పదిసార్లు ఆపి పదకొండోసారి ఆపలేకపోతే, కాగితాల మీద ఆ వాలు నుంచి ఒక్కసారే రాయి పడినట్టు ఉంటుంది. ప్రమాదాన్ని అంచనా వేసేవాళ్లకు ఇంతకంటే పెద్ద లోటు లేదు.

అడవి ఆపిన ఆ పది దెబ్బలూ చెట్ల లోపల ఉంటాయి. ఏ ఏడాది తగిలాయో, అదృష్టం బాగుంటే ఏ రుతువులో తగిలాయో కూడా ఉంటుంది. వాటిని చదవడానికి ఒక శాస్త్రమే ఉంది. డెండ్రోజియోమార్ఫాలజీ అంటారు. అంటే చెట్టు వలయాలను బట్టి నేలలో, కొండల్లో వచ్చిన కదలికలను తెలుసుకోవడం. ఫిన్లాండ్‌కు చెందిన జౌకో అలెస్టాలో 1971లో దీనికి పునాది వేశారు. అమెరికాలో జాన్ ష్రోడర్ ఆ దశకంలోనే దాన్ని కొండవాలుల మీద ప్రయోగించి చూపించారు. స్విట్జర్లాండ్‌లో మార్కస్ స్టోఫెల్, ఆయనతో పనిచేసినవాళ్లు రాళ్లు దొర్లిపడే వాలులకు దాన్ని చాలా లోతుగా వాడారు.

ముందు ఒక మాట చెప్పాలి. మన పేపర్లలో, టీవీల్లో కొండ మీంచి ఏది పడ్డా 'కొండచరియలు విరిగిపడ్డాయి' అనే ఒక్క మాటే వాడుతున్నారు. 2024 జులైలో వయనాడ్‌లో ఊళ్లను మింగిన బురద ప్రవాహానికీ అదే మాట. 2021 ఆగస్టులో బెంగళూరు పక్కన నందిహిల్స్ రోడ్డును మట్టి, రాళ్లు కప్పేసినప్పుడూ అదే మాట. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో ఇళ్ల మీద బండలు పడి ప్రాణాలు పోయినప్పుడూ అదే. ఇవి వేర్వేరు. మట్టి, నీళ్లు, రాళ్లు కలిసి జారేది ఒక రకం. బండ ఒకటో, నాలుగైదో విడిపోయి గాల్లో ఎగురుతూ, నేలకు తగిలి మళ్లీ లేస్తూ, దొర్లుతూ కిందికి రావడం ఇంకో రకం. హిమాచల్ ప్రదేశ్ కిన్నౌర్ జిల్లా బత్సేరి దగ్గర 2021 జులై 25న జరిగింది ఈ రెండోదే. రాళ్లు బంతుల్లా ఎగిరొచ్చి వంతెనను కూల్చేసిన వీడియో దేశమంతా చూసింది. తొమ్మిది మంది పర్యాటకులు చనిపోయారు. ఈ వ్యాసం ఈ రెండో రకం గురించే. ఒక్కోసారి పడేది తక్కువే, కానీ తరచూ పడుతుంది. తక్కువ కాబట్టి ఎవరూ రాసిపెట్టరు. రాసిపెట్టరు కాబట్టి తరచూ పడుతోందని కూడా తెలియదు.

రాయి చిన్నదైతే దెబ్బ చిన్నదని అనుకోకూడదు. అర మీటరు అడ్డం ఉన్న గుండ్రటి గ్రానైట్ రాయి దాదాపు 170 కిలోలు తూగుతుంది. అది సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తే సుమారు 19 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. టన్ను బరువున్న కారు గంటకు 22 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత. కారు దెబ్బ బంపర్ మొత్తానికి పంచుకుపోతుంది. రాయి దెబ్బ అరచేయంత చోట దిగుతుంది. అక్కడ బెరడు లేచిపోయి లోపలి చెక్క బయటపడుతుంది.

బెరడు కింద

టేకు కొనడానికి బెంగళూరులో టింబర్ డిపోకు వెళ్తే, వెంట వచ్చిన వడ్రంగి ముందు దుంగ కోసిన ముఖం చూస్తాడు. చేవ ఎంత ఉంది, తెల్లచెక్క ఎంత ఉంది, రేఖలు దగ్గర దగ్గరగా ఉన్నాయా దూరంగా ఉన్నాయా అని. ఆ రేఖలే ఏడాదికొకటి పడే వలయాలు. బెరడుకూ చెక్కకూ మధ్య కాగితమంత పల్చటి పొర ఒకటి ఉంటుంది, దాని పేరు కేంబియం. చెట్టు లావెక్కేది ఆ పొర వల్లే. అది లోపలి వైపు చెక్కను, బయటి వైపు బెరడును తయారుచేస్తుంది. పెరిగే కాలం మొదట్లో కణాలు పెద్దవిగా, గోడలు పల్చగా వస్తాయి. చివర్లో చిన్నవిగా, గోడలు మందంగా వస్తాయి. తర్వాత పని ఆగిపోతుంది. మళ్లీ మొదలైనప్పుడు పెద్ద కణాలు వస్తాయి. ఆ సరిహద్దే మనకు కనిపించే గీత.

వలయాలు లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందని చిన్నప్పుడే చదువుకుంటాం. కానీ లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. కరువు ఏడాదిలో కొన్ని చెట్లు ఒక వైపు వలయం వేయనే వేయవు. ఇంకోసారి ఒకే ఏడాదిలో రెండు గీతలు పడొచ్చు. అందుకే ఒకే ప్రాంతంలోని చాలా చెట్ల సన్న, మందం వలయాల వరుసను పక్కపక్కన పెట్టి సరిచూడాలి. అందరికీ గడ్డుకాలమైన ఏడాది అన్ని చెట్లలోనూ సన్నగానే ఉంటుంది. ఈ సరిచూసే పద్ధతిని నిలబెట్టింది ఎ.ఇ. డగ్లస్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త. ఆయన సూర్యుడి మచ్చలకూ వాతావరణానికీ సంబంధం వెతుకుతూ చెట్ల దగ్గరకు వచ్చారు. 1937లో అరిజోనా విశ్వవిద్యాలయంలో ఆయన మొదలుపెట్టిన చెట్టు వలయాల ప్రయోగశాల ఈనాటికీ నడుస్తోంది.

రాయి తగిలిన చోట కేంబియం చనిపోతుంది. అక్కడ ఇక కొత్త చెక్క రాదు. మన ఒంటికి గాయమైతే మానుతుంది, దెబ్బతిన్న చోట కొత్త చర్మం వస్తుంది. చెట్టు గాయం అలా మానదు. చెట్టు ఆ చెక్కను లోపల మూసేసుకుంటుంది. గాయం అంచుల్లో బతికున్న కేంబియం వేగంగా పనిచేసి, రెండు పక్కల నుంచీ పెదవుల్లా ముందుకొచ్చే కొత్త కణజాలాన్ని వేస్తుంది. ఏటేటా ఆ పెదవులు దగ్గరవుతాయి. పదేళ్లకో, ముప్పై ఏళ్లకో కలుస్తాయి. బయట నుంచి చూస్తే మామూలు మానులాగే ఉంటుంది. లోపల మాత్రం గాయం అలాగే ఉంటుంది, దాని మీద ఎన్ని వలయాలు పడ్డాయో అన్నేళ్ల కిందట దెబ్బ తగిలిందని అర్థం.

దీన్ని చూడటానికి చెట్టును కొట్టేయక్కర్లేదు. ఇంక్రిమెంట్ బోరర్ అనే బోలు బర్మాతో బెరడు నుంచి మధ్యలోని దవ్వ దాకా పెన్సిల్ కంటే సన్నటి పుల్లను తీస్తారు. అడ్డం సుమారు 5 మిల్లీమీటర్లు. ఎక్కడ తీయాలన్నదే ఇందులో మెళకువ. గాయం మధ్యలో తీస్తే పనికిరాదు, అక్కడ దెబ్బ తర్వాత వలయాలే లేవు. మరీ దూరంగా తీస్తే దెబ్బ ఆనవాలు ఉండదు. చచ్చిన చెక్క, బతికిన చెక్క కలిసే అంచున తీయాలి. దాంతో పాటు వాలు పై వైపు, కింది వైపు, రెండు పక్కలా కూడా తీస్తారు. ఎందుకంటే రాయి చెట్టును చీల్చడమే కాదు, ఒక్కోసారి పక్కకు వంచేస్తుంది, ఒక్కోసారి తల విరిచేస్తుంది. వంగిన చెట్టు మళ్లీ నిటారుగా లేవడానికి ఒక వైపు ఎక్కువ చెక్క వేస్తుంది. దేవదారు, పైన్ లాంటి సూదాకుల చెట్లు కింది వైపు వేసి పైకి నెట్టుకుంటాయి. వెడల్పాకుల చెట్లు పై వైపు వేసి లాక్కుంటాయి. తల విరిగిన చెట్టుకు కొన్నేళ్లు సన్నటి వలయాలే వస్తాయి. ఈ గుర్తుల్లో ప్రతిదానికీ ఒక మొదటి ఏడాది ఉంటుంది.

ఈ మొత్తంలో ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది జిగురు నాళాల వరస. లార్చ్, స్ప్రూస్, ఫర్ అనే సూదాకుల చెట్లకు దెబ్బ తగిలితే, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లోపు గాయం చుట్టూ వచ్చే కొత్త చెక్కలో జిగురు నాళాలు ఒకదాని పక్కన ఒకటి దండలా ఏర్పడతాయి. మైక్రోస్కోప్ కింద అది చుక్కల గీతలా కనిపిస్తుంది. ఆ గీత వలయంలో ఎక్కడుందో చూస్తే రుతువు తెలుస్తుంది. వలయం మొదలయ్యే చోటే ఉంటే చెట్టు నిద్రలో ఉన్నప్పుడు, అంటే శీతాకాలంలోనో తొలి వసంతంలోనో దెబ్బ తగిలింది. మధ్యలో ఉంటే వేసవి. చివర్లో ఉంటే వేసవి ముగిసే రోజులు. అయితే గాయానికి దూరం జరిగే కొద్దీ ఆ నాళాలు ఆలస్యంగా పుడతాయి, వలయంలో ఇంకా బయటికి కనిపిస్తాయి. కాబట్టి రుతువు చెప్పాలంటే గాయం పక్కనే తీసిన నమూనా కావాలి. దూరంగా తీసిన పుల్లను చూసి 'ఇది ఆగస్టు' అనేస్తే పొరపాటు. పైన్ చెట్లలో మాత్రం ఈ గుర్తు పనికిరాదు.

టాష్ ఊరి మీది వాలు

స్విట్జర్లాండ్‌లో మ్యాటర్‌హార్న్ శిఖరం చూడటానికి వెళ్లేవాళ్లు జెర్మాట్ ఊరికి కారులో వెళ్లలేరు, అక్కడ కార్లకు అనుమతి లేదు. ముందు ఊరు టాష్‌లో కారు ఆపి రైలెక్కుతారు. ఆ టాష్ మీద పడమటి ముఖంగా ఉన్న వాలు పేరు టాష్‌గూఫర్. అక్కడ స్టోఫెల్ బృందం దెబ్బలు బాగా తిన్న 135 లార్చ్ చెట్ల నుంచి 564 పుల్లలు తీసింది. ఒక్కో చెట్టుకు నాలుగుకు పైనే. వాటిలో 741 దెబ్బల గుర్తులు దొరికాయి. 1600 నుంచి 2002 దాకా నాలుగు వందల ఏళ్ల రాళ్ల లెక్క అది. ఊళ్లో ఎవరి డైరీలోనూ లేని లెక్క.

ఆ లెక్క చెప్పిన మొదటి విషయం: పడ్డవి చాలావరకు చిన్న చిన్న రాళ్లే, కానీ దాదాపు ఆగకుండా పడుతూనే వచ్చాయి. రెండోది: 1720లో ఒక పెద్ద రాళ్లపాటు వచ్చి వాలు మీద అడవిని చాలావరకు ఊడ్చేసింది. ఇంతకంటే ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. కొత్త మొక్కలు లేచి, అడవి దట్టమైన కొద్దీ, రాళ్ల దెబ్బల రేటు దశాబ్దం వెంట దశాబ్దం తగ్గుతూ వచ్చింది. అడవి రాళ్లను ఆపుతుందని అందరూ అనే మాటే. ఆపడానికి ఎంత కాలం పడుతుందో, అడవి పోతే ఎన్ని తరాలు కాపలా లేకుండా గడపాలో ఈ చెట్లు చూపించాయి. రుతువు విషయంలోనూ స్పష్టమైన జవాబు వచ్చింది. ఎక్కువ దెబ్బలు చెట్లు నిద్రలో ఉండే అక్టోబర్-మే మధ్యవే. పగుళ్లలో నీరు గడ్డకట్టి ఉబ్బడం, వసంతంలో కరగడం వల్ల బండలు వదులవుతాయి.

స్విట్జర్లాండ్ అడవుల్లో దాదాపు సగం ఇలా ఊళ్లను, రోడ్లను కాపాడే అడవులుగా లెక్కలో ఉన్నాయి. అక్కడ అడవి ఒక నిర్మాణం కిందే లెక్క, గోడలాగా, వంతెనలాగా. దాన్ని చూసుకోవడానికి డబ్బు కేటాయిస్తారు. ఆ దృష్టి మనకు ఇంకా రాలేదు. ఘాట్ రోడ్డు పక్క అడవిని మనం పచ్చదనంగానో, వన్యప్రాణుల నివాసంగానో చూస్తాం. రెండూ నిజమే. రాత్రి బస్సులో నిద్రపోతున్న వాళ్లకు అది అడ్డుగోడ కూడా.

మచ్చల లెక్క, రాళ్ల లెక్క ఒకటి కాదు

ఈ పద్ధతిని తేలిగ్గా వాడితే ఎంత తప్పు జరుగుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. 20 మీటర్ల వెడల్పున్న వాలు పట్టీ అనుకోండి. రాళ్లు అర మీటరు అడ్డం ఉన్నవి. చెట్ల మొదళ్లు 30 సెంటీమీటర్ల మందం. రాయి అంచు చెట్టుకు తగిలినా చాలు మచ్చ పడుతుంది. అంటే ఒక్కో చెట్టు తన 30 సెంటీమీటర్లతో పాటు రాయి అడ్డం 50 కూడా కలుపుకుని, 80 సెంటీమీటర్ల వెడల్పును కాపలా కాస్తుంది. ఒకదాని నీడలో ఒకటి పడకుండా పది చెట్లు ఉంటే 8 మీటర్లు. 20లో 8 అంటే నూటికి నలభై. వచ్చిన ప్రతి పది రాళ్లలో ఆరు మచ్చ మిగల్చకుండా సందుల్లోంచి వెళ్లిపోతాయి. యాభై ఏళ్లలో నాలుగు మచ్చలు దొరికితే, వచ్చిన రాళ్లు నాలుగు కావు, దాదాపు పది. పన్నెండేళ్లకొకటి అనుకున్నది నిజానికి ఐదేళ్లకొకటి. రోడ్డు మీద ప్రయాణించేవాడికి ఈ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు అదే పట్టీని అంతకు ముందు యాభై ఏళ్లలో ఊహించండి. అప్పుడు ఉన్నవి మూడే చెట్లు, 10 సెంటీమీటర్ల మందం. ఒక్కోటి 60 సెంటీమీటర్లు కాస్తుంది, మొత్తం 1.8 మీటర్లు, నూటికి తొమ్మిది. అప్పుడూ పది రాళ్లే వచ్చాయనుకుంటే దొరికే మచ్చ ఒక్కటి. కాబట్టి మచ్చలు మాత్రమే లెక్కపెట్టినవాడు 'పాత యాభై ఏళ్లలో ఒకటి, కొత్త యాభై ఏళ్లలో నాలుగు, ప్రమాదం నాలుగు రెట్లు పెరిగింది' అని రాస్తాడు. దాని పక్కన వాతావరణ మార్పు అనే మాట చేరడానికి ఎంతో సేపు పట్టదు. కొండ మీద మాత్రం ఏమీ మారలేదు. మారింది చెట్ల సంఖ్య, మందం. అందుకే జాగ్రత్తగా పనిచేసేవాళ్లు ముందు ప్రతి చెట్టు స్థానం, మందం కొలిచి, ఏ కాలంలో వాలు ఎంత మేరకు చెట్ల కాపలాలో ఉందో లెక్కగట్టి, దాన్ని బట్టి మచ్చల సంఖ్యను సరిచేస్తారు. ఈ సవరణ లేకుండా 'రాళ్లపాటు పెరిగింది' అని చెప్పే ఏ గ్రాఫ్‌నూ నమ్మకూడదు.

వాతావరణం వేడెక్కడం వల్ల ఎత్తైన కొండల్లో రాళ్లు వదులవుతున్న మాట నిజం. 2003 వేసవి వేడికి మ్యాటర్‌హార్న్ మీద శాశ్వత మంచు కరిగి హోర్న్లీ గట్టు దగ్గర బండలు రాలాయి. నిజమైన మార్పును నిరూపించాలంటేనే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

ఇంకొన్ని చిక్కులున్నాయి. పెద్ద రాయి చెట్టును విరిచేస్తే ఆ చెట్టు రికార్డు దాంతోనే పోతుంది. మిగిలింది చిన్న దెబ్బలు తిన్న చెట్ల కథే. ఒకే రాయి కిందికొస్తూ మూడు చెట్లను తాకితే మూడు మచ్చలు. బాగా ఎగిరిన రాయి చెట్ల తలల మీదుగా పోతే మచ్చే లేదు. గొడ్డలి దెబ్బ, విరిగిపడ్డ పక్క చెట్టు కొమ్మ, ఏనుగు రాపిడి, మంట, పిడుగు, ఇవన్నీ మచ్చలు చేస్తాయి. హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో చీర్ పైన్ చెట్లకు జిగురు కోసం మనుషులే గాట్లు పెడతారు. రాయి గాయాన్ని గుర్తుపట్టడానికి ఉన్న మంచి ఆధారం దిక్కు: అది సాధారణంగా వాలు పై వైపు ముఖాన ఉంటుంది. మంట మచ్చ ఎక్కువగా మొదట్లో, నేల దగ్గర నుంచి లేస్తుంది.

మన చెట్లు ఏడాదికొక గీత వేస్తాయా?

హిమాలయాల్లో ఈ పని మొదలైంది. మనాలి దగ్గర సోలాంగ్ లోయలో మంచు పెళ్లలు జారిపడిన చరిత్రను స్టోఫెల్‌తో కలిసి పనిచేసిన బృందం చెట్ల వలయాల నుంచి తీసి, 2018లో ప్రచురించింది. నూటయాభై ఏళ్లకు పైబడిన కాలం అది. వేడెక్కుతున్న వాతావరణం అక్కడ మంచు జారే ప్రమాదాన్ని పెంచుతోందని తేల్చింది. అక్కడ చలి ఉంది, దేవదారు లాంటి చెట్లున్నాయి, ఏడాదికి ఒక వలయం దాదాపు ఖాయం.

దక్షిణాదిలో చలి చెట్టును నిద్రపుచ్చదు. ఆ పని ఎండాకాలం చేయాలి. నీరు లేక ఆకు రాల్చే చెట్లు పెరుగుదల ఆపేస్తాయి, తొలకరితో మళ్లీ మొదలెడతాయి. టేకు ఇందులో మేటి. తొలి కణాలు కంటికి కనిపించేంత పెద్ద రంధ్రాలుగా వస్తాయి కాబట్టి గీత స్పష్టం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ, ఐఐటీఎం, శాస్త్రవేత్తలు కేరళ టేకు చెట్ల నుంచి 523 ఏళ్ల వలయాల వరుసను కట్టి, రుతుపవనాల కరువులను అందులో చదివారు. కానీ అన్ని చెట్లూ టేకు కావు. ఏడాదంతా పచ్చగా ఉండే చాలా చెట్లు నమ్మదగ్గ గీత వేయవు. మన వైపు అక్టోబర్, నవంబర్ వానలు రెండోసారి చెట్టును లేపితే రెండో గీత పడే అవకాశమూ ఉంటుంది.

కాబట్టి ప్రతి జాతినీ ముందు పరీక్షించాలి. అందుకు ఒక పాత పద్ధతి ఉంది. తేదీ రాసుకుని, బతికున్న చెట్టు కేంబియానికి చిన్న సూది గాయం చేస్తారు. ఏడాదికొకసారి అలా చేసి, తర్వాత నమూనా తీసి, రెండు గాయాల మధ్య ఒకటే వలయం ఉందా అని చూస్తారు. ఇంకోటి 1950లు, 60లలో అణు పరీక్షల వల్ల గాల్లో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరగడం. ఆ పెరుగుదల ఏ వలయంలో ఉందో చూస్తే మిగతా లెక్క సరిగా ఉందో లేదో తెలుస్తుంది. ఇలాంటి పరీక్షకు కావలసిన కలప శాస్త్ర అనుభవం బెంగళూరులోనే ఉంది. మల్లేశ్వరంలోని కలప శాస్త్ర సంస్థ, ఐడబ్ల్యూఎస్‌టీ, చెక్క లోపలి నిర్మాణాన్ని దశాబ్దాలుగా చదువుతున్న చోటు. కొండల ఇంజనీర్లు, అడవుల శాఖ, ఇలాంటి సంస్థ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం జరగాల్సిన పని.

శేషాచలంలో కారణాలు ఆల్ప్స్‌కు పూర్తిగా వేరు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఎంతో విలువిచ్చే సరిహద్దు ఒకటి కనిపిస్తుంది. కింద రెండొందల యాభై కోట్ల ఏళ్లకు పైబడిన పాత శిల, దాని మీద చాలా కాలం తర్వాత పేరుకున్న నగరి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి అయిన శిల. జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోటు అది. ఆ క్వార్ట్‌జైట్ గట్టి రాయే, కానీ నిలువు, అడ్డం పగుళ్లతో ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. అక్కడ మంచు గడ్డకట్టదు. ఈశాన్య రుతుపవనాల వానకు పగుళ్లు నిండి, నీటి ఒత్తిడికీ, చెట్ల వేళ్లకూ, పగటి ఎండ రాత్రి చల్లదనాల మధ్య తేడాకూ బండ కొంచెం కొంచెంగా వదులై, ఒక రోజు జారుతుంది. అందుకే అక్కడ దెబ్బలు వలయంలో ఎక్కడ పడతాయన్నది ఆల్ప్స్ లెక్కతో చెప్పలేం.

ఇక చెట్లు. ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా, మందంగా ఉంటుంది. చిన్న రాళ్ల దెబ్బలను ఆ బెరడే భరించేస్తుంది, లోపలికి గుర్తు చేరదు. పెద్ద దెబ్బ తగిలితే నెత్తురులా ఎర్రటి రసం కారుతుంది, కానీ కొన్నేళ్లకు పలకలు మూసుకుంటే బయటి నుంచి కనుక్కోవడం కష్టం. చిరుమాను దీనికి వ్యతిరేకం. బెరడు తెల్లగా, నున్నగా ఉంటుంది, దాని మీద గాయం దాగదు. యూరప్‌లో నున్నటి బెరడున్న బీచ్ చెట్ల మీద పైకి కనిపించే మచ్చలను లెక్కపెట్టడం ద్వారానే, ఏడాది తెలియకపోయినా, ఏ చోట ఎక్కువ రాళ్లు పడుతున్నాయో మ్యాపు గీస్తారు. చిరుమానుతో ఆ పని చేయొచ్చు. ఏగిస ఉంది, గుగ్గిలం ఇచ్చే జాలారి ఉంది. ఎర్రచందనాన్ని ముట్టుకోవాలంటే సవాలక్ష అనుమతులు, అది సబబే. మిగతా చెట్లతో మొదలుపెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. శేషాచలంలో వేసవి మంటలు తరచు. 2014 మార్చిలో వాయుసేన హెలికాప్టర్లతో ఆర్పాల్సి వచ్చింది. కాబట్టి మంట మచ్చలను వేరుచేశాకే రాళ్ల లెక్క మొదలవ్వాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, రోడ్డు పక్క కట్టే ఇనుప వలలు, కంచెలను కిలోజౌళ్ల లెక్కన తయారుచేస్తారు, ఎంత శక్తి ఆపాలో ముందే చెప్పి కొంటారు. ఎత్తు కూడా అంతే. రాయి కంచె మీదుగా ఎగిరిపోతే ఎంత గట్టి కంచైనా దండగ. చెట్టు మీద మచ్చ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే రాళ్లు ఎంత ఎత్తుకు ఎగురుతున్నాయో తెలుస్తుంది. ఎన్నేళ్లకొకటి వస్తుందో వలయాలు చెబుతాయి. ఏ మలుపు దగ్గర ముందు డబ్బు పెట్టాలో చెప్పే సమాచారం ఇదే. కంప్యూటర్‌లో రాళ్లను దొర్లించి చూసే మోడళ్లున్నాయి, కానీ వాటికి ఇచ్చే అంకెలు ఊహలైతే వచ్చేవీ ఊహలే. వాటిని సరిచూసుకోవడానికి ఆ వాలు మీదే ఉన్న నిజమైన మచ్చలు కావాలి.

ఇప్పుడు మొదటి పేరా దగ్గరికి వస్తే, 2021 డిసెంబర్ 1 ఈ పనికి దొరికిన అరుదైన తేదీ. దక్షిణాది చెట్లతో ఉన్న పెద్ద ఇబ్బంది వలయాలను నమ్మొచ్చా లేదా అన్నది. అది తేల్చడానికి తేదీ తెలిసిన గాయం కావాలి. శాస్త్రవేత్తలు సూదితో చేసే పనిని ఆ రోజు కొండే చేసింది. ఆ బండలు దొర్లిన దారిలో దెబ్బ తిని బతికున్న చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, ఏ జాతి, మచ్చ ఎంత ఎత్తున, ఏ ముఖాన అని రాసుకుని, అంచున ఒక్కో పుల్ల తీస్తే చాలు. బెరడు నుంచి లోపలికి లెక్కపెడితే గాయం 2021 చివర్లో పడ్డట్టే కనిపించిన జాతి పరీక్ష నెగ్గినట్టు. రెండు గీతలు ఎక్కువ కనిపించిన జాతిని పక్కన పెట్టొచ్చు. రోడ్డు బాగుచేసేటప్పుడు ముందు కొట్టేసేది దెబ్బతిన్న చెట్లనే, 'ఎలాగూ పాడైపోయింది కదా' అని. ఆ చెట్లకు నంబరు వేసి, ఫొటో తీసి, కొట్టక తప్పకపోతే మచ్చ ఉన్న చోట అంగుళం మందాన ఒక బిళ్ల కోసి దాచమని కాంట్రాక్టులో ఒక వాక్యం చేరిస్తే పెద్ద ఖర్చు కాదు. బతికున్న వాటిలో గాయపు పెదవులు ఏటా కొంచెం కొంచెం దగ్గరవుతున్నాయి. నున్నటి బెరడున్న చెట్లలో ఇంకొన్నేళ్లు వెతికి పట్టుకోవచ్చు. మందపాటి బెరడున్న వాటిలో ఇప్పుడే వెతకాలి.